పది నంబరు పానా

సంక్రాంతికి ఇండియా వెళ్ళి, ఆరు వారాలు ఉండి మిషిగన్‌లో దిగాం. జెట్‌లాగ్ పుణ్యమా అని మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చింది. ఏం చెయ్యాలో తోచక గరాజ్‌లోకి వెళ్ళి, కారు మీద కవర్ తీసి, తాళంచెవి బటన్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నలభై అయిదు దాటాక మనసు చంపుకోలేక కొనుక్కున్న రెండు సీట్ల కారు అది. పేరు చెప్పను. మన పిక్నిక్‌లో దాని పక్కన నిలబడి ఫోటోలు దిగిన వాళ్ళకి ఎలాగూ తెలుసు. ఇంజిన్ సీట్ల వెనకాల ఉంటుంది. ముందు బానెట్ తీస్తే చిన్న డిక్కీ, ఆ డిక్కీ లోపల ప్లాస్టిక్ మూత కింద బ్యాటరీ. బానెట్ గొళ్ళెమేమో కరెంటు మీద పనిచేస్తుంది. బ్యాటరీ బతికుంటేగానీ బానెట్ తెరుచుకోదు, బానెట్ తెరుచుకుంటేగానీ బ్యాటరీ మార్చలేం. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెత మనవాళ్ళు ఈ కారు కోసమే పుట్టించారేమో అనిపించింది.

షోరూమ్ సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేశాను. బ్యాటరీ, కూలీ కలిపి 800 డాలర్ల పైమాటే అన్నారు. తొమ్మిది రోజుల తర్వాత రమ్మన్నారు, బండి మీరే తెచ్చుకోవాలన్నారు. కదలని బండిని ఎలా తెచ్చేది? కార్లు మోసుకెళ్ళే ఫ్లాట్‌బెడ్ లారీని పిలవాలి, పొట్ట నేలకి తగిలేంత కిందికి ఉండే కారుని గీతలు పడకుండా దానిమీదికి ఎక్కించాలి.

ఈ సంగతి చెబితే నా కరీంనగర్ మిత్రుడు నవ్వాడు. “అన్నా, నీ గంట రేటెంత? ఆ టైమ్‌ల ఆఫీస్ పని చేస్కో, వాళ్ళకిచ్చెయ్.” మనవాళ్ళలో చాలామంది లెక్క ఇదే. గడ్డి కోత నుంచి కుళాయి వాషర్ దాకా అన్నిటికీ ఇదే లెక్క వేస్తాం. నాకు ఈ లెక్క మీద నమ్మకం లేదు. శనివారం పొద్దున నాకు గంటకి ఎవరూ ఏమీ ఇవ్వరు. పైగా ఫోన్లు, ఫ్లాట్‌బెడ్ కోసం ఎదురుచూపు, వెళ్ళి తెచ్చుకోవడం కలిపితే ఒక రోజు పోతుంది. ఇంట్లో మార్చడానికి నాకు పట్టింది రెండున్నర గంటలు, అందులో అరగంట కింద పడిన నట్టు వెతకడానికే. చచ్చిన బ్యాటరీ ఎక్కడ చచ్చిందో అక్కడే మార్చడం సుఖం.

ఇంతకీ ఎందుకు చచ్చింది? తాళం వేసి వదిలేసినా ఈ కార్లు పూర్తిగా నిద్రపోవు. అలారం, జేబులో తాళంచెవి వస్తోందేమోనని కాచుకుని ఉండే రిసీవర్, కంపెనీతో మాట్లాడే మోడెమ్, అన్నీ కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు అనుకోండి, లెక్కలోకి రానంత తక్కువ. కానీ రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, 42 రోజులకి 50. నా బ్యాటరీ మొత్తం 70. దానికి తోడు జనవరి చలి. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు, ఛార్జర్ తగిలించకుండా విమానం ఎక్కిన నాది.

ముందు మాన్యువల్ చదివాను. కారు కొన్న మూడేళ్ళకి మొదటిసారి. బటన్ తాళంచెవి లోపల మామూలు ఇనుప తాళం దాక్కుని ఉంటుంది, డ్రైవర్ తలుపు దానితో తెరవాలి. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ తలుపులకి అద్దం చుట్టూ ఫ్రేమ్ ఉండదు. తలుపు తీసినప్పుడల్లా అద్దం వేలెడంత లోపు కిందికి దిగి, వేశాక పైకి వెళ్ళి రబ్బరులో కూర్చుంటుంది. కరెంటు లేకపోతే దిగదు. ఆ సంగతి తెలియక ధడాలున వేస్తే అద్దం పైన అంచుకి కొట్టుకుంటుంది. తలుపు మూతపడకుండా ఏదైనా అడ్డం పెట్టాలి కదా, చేతికి అందింది నిరుడు మన సంఘం వాళ్ళు నాకు కప్పిన సన్మానం శాలువా. నాలుగు మడతలు పెట్టి తలుపు సందులో దూర్చాను. ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

డ్రైవర్ కాళ్ళ దగ్గర ఫ్యూజ్ బాక్స్ ఉంది. అందులో బయటికి లాగే చిన్న ఎర్ర టెర్మినల్. జంప్ స్టార్టర్ అని, చేతిలో పట్టే బ్యాటరీ పెట్టె ఒకటుంది. దాని ఎర్ర క్లిప్పు ఆ టెర్మినల్‌కి, నల్ల క్లిప్పు తలుపు గొళ్ళెం పడే ఇనుప కొక్కేనికి పెట్టాను. ఒక్కసారిగా అలారం మోగి వీధంతా లేచింది. బటన్ నొక్కి నోరు మూయించి, బానెట్ మీట లాగితే టక్కుమని తెరుచుకుంది. ఆ ఎర్ర టెర్మినల్‌కి ఉన్న సన్న తీగ బానెట్ తెరవడానికే. దానితో ఇంజిన్ స్టార్ట్ చెయ్యాలని చూడకండి. పని అయ్యేదాకా బానెట్ కూడా వెయ్యకండి, వేస్తే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

మీటర్ పెడితే 4 వోల్టులు కూడా లేవు. నిండా ఉంటే 12.7 ఉండాలి. ఛార్జర్ అయితే అసలు బ్యాటరీ ఉన్నట్టే గుర్తించలేదు. మన ఇళ్ళలో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసి లేపినట్టు దీన్ని లేపలేం, ఇది మూత వేసి సీల్ చేసిన ఏజీఎం రకం. కొత్తది కొన్నాను, 260 డాలర్లు.

అసలు మార్పిడి ఇంతే: పది నంబరు పానాతో ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పాలి. బిగించేటప్పుడు తలకిందులుగా. “ఎందుకు నాన్నా?” అని టార్చి పట్టుకున్న మావాడు అడిగాడు. కారు బాడీ మొత్తం నెగెటివే. అది విప్పకుండా పాజిటివ్ మీద పానా తిప్పుతుంటే, రెండో కొస బాడీకి తగిలిందంటే నిప్పులే. పాత బ్యాటరీకి గ్యాస్ పోయే సన్న గొట్టం ఉంటుంది, దాన్ని మర్చిపోకుండా కొత్తదానికి తగిలించాలి. ఇరవై కిలోల బరువుని ముందుకి వంగి ఎత్తాలి. ఈ మొత్తం పనిలో నాకు నిజంగా భయం వేసింది నడుం గురించే.

తర్వాత డాష్‌బోర్డు నిండా పసుపు, ఎరుపు హెచ్చరికలు చూసి మావాడికి టెన్షన్. అద్దాల బటన్ పైకి పట్టి ఉంచి వాటికి హద్దులు మళ్ళీ నేర్పించి, నాలుగు మైళ్ళు తిప్పేసరికి ఒక్కొక్కటే ఆరిపోయాయి. కొన్ని కార్లకి కొత్త బ్యాటరీ వచ్చిందని కంప్యూటర్‌కి చెప్పాలి, లేకపోతే ఛార్జింగ్‌లో ముసలిదానికి పెట్టిన పథ్యమే కొత్తదానికీ పెడుతుంది. దానికి స్కానర్ కావాలి. మీ కారు ఆ బాపతేమో ముందే చూసుకోండి. నారింజ రంగు తీగలున్న హైబ్రిడ్ అయితే మాత్రం ఆ తీగల జోలికి వెళ్ళకండి, ఆ డబ్బేదో వాళ్ళకే ఇచ్చెయ్యండి.

“ఇంట్లో చేస్తే వారంటీ పోతుంది కదా?” అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మన చేత్తో బ్యాటరీ మార్చుకున్నంత మాత్రాన వారంటీ పోదు. దానికి అడ్డుగా ఇక్కడ 1975 నుంచే మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. మనం వేసిన సామాను వల్లో, చేసిన పని వల్లో పాడైందని కంపెనీ చూపించగలిగితే అది వేరే సంగతి.

పాత బ్యాటరీ తిరిగి ఇస్తే షాపు వాళ్ళు, కొత్తది కొన్నప్పుడు కట్టించుకున్న డిపాజిట్ 22 డాలర్లు వెనక్కి ఇచ్చారు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి, గోడ ప్లగ్గుకి పెట్టే చిన్న ఛార్జర్ కొన్నాను. మొన్న ఉగాదికి ఇండియా బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మంలో ఆగి, “ఏమండీ, హీటర్ తగ్గించారా? నీళ్ళు కట్టేశారా? మీ రెండో సంసారానికి ప్లగ్గు పెట్టారా?” అంది. పెట్టానన్నాను. నమ్మలేదు, వెళ్ళి చూసొచ్చింది.