చెక్ గాజు శిల్పం: చెలామణిలో ఉన్న మూడు పొరపాటు మాటలు

సమకాలీన చెక్ గాజు కళా ప్రదర్శనల ఛాయాచిత్రాలతో పాటు ఈ మధ్య ఒక వ్యాఖ్యను చాలామంది పంచుకుంటున్నారు. కళాకారులు తమ సొంత పనిచోట గాజును కళగా మలిచే ‘స్టూడియో గాజు కళ’ 1962లో అమెరికాలో పుట్టిందనీ, చెక్ కళాకారులు దాన్ని అనుకరించారనీ, వారిది పనివాళ్ల నైపుణ్యమే తప్ప కళ కాదనీ, అందులో అందమే గాని చెప్పే విషయం లేదనీ దాని సారాంశం.

మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. 1962లో అమెరికాలోని టొలీడో నగరంలో గాజు కళాకారుడు హార్వీ లిటిల్టన్ నిర్వహించిన కార్యశాల, కర్మాగారంతో పని లేకుండా కళాకారుడు చిన్న కొలిమి దగ్గర స్వయంగా గాజును మలచవచ్చునని చూపింది. అయితే అంతకు నాలుగేళ్ల ముందే, 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో, చెక్ కళాకారులు స్తానిస్లావ్ లిబెన్స్కీ, యరోస్లావా బ్రిఖ్తోవా, రెనే రౌబీచెక్ గాజును శిల్ప మాధ్యమంగా లోకం ముందు నిలబెట్టారు. అమెరికన్ గాజు కళలో ప్రముఖుడైన డేల్ చిహూలీ 1969లో చెకోస్లొవేకియాలోని జెలెజ్నీ బ్రోద్ పట్టణానికి వెళ్లి లిబెన్స్కీ, బ్రిఖ్తోవాలను కలుసుకున్నారు. ముందు నడిచినవారిని అనుకర్తలనడం అన్యాయం.

రెండో మాట ఎందుకు పుట్టిందో ఊహించగలం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చెక్ ప్రాంతమైన బొహీమియా గాజు సామగ్రిని చూసినవారికి చెక్ గాజు అనగానే నగిషీ పాత్రలు మనసులో మెదలడం సహజం. కానీ లిబెన్స్కీ, బ్రిఖ్తోవా దంపతుల శిల్పం ఊదిన గాజు కాదు, అచ్చులో కరిగించి పోతగా తీసిన గాజు. చిత్రకారుడైన ఆయన గీసిన బొమ్మను శిల్పి అయిన ఆమె మట్టిలో రూపుకట్టేవారు. దాని నుంచి వేడికి తట్టుకునే అచ్చు తయారుచేసి, గాజు ముక్కలు నింపి, కొలిమిలో కరిగించి, పైభాగం లోపలి కంటే త్వరగా చల్లారితే దిమ్మ పగిలిపోతుంది కనుక, పెద్ద శిల్పాలను వారాల తరబడి మెల్లమెల్లగా చల్లార్చి, ఆ తర్వాతే సానపట్టి మెరుగు పెట్టేవారు.

ఇంత శ్రమా దేనికి? ఒకే రంగు గాజు పలచగా ఉన్నచోట లేతగానూ, మందంగా ఉన్నచోట చిక్కగానూ కనిపిస్తుంది. అంటే మందాన్ని నిర్ణయించడమే రంగును, వెలుతురును నిర్ణయించడం. కంచులో గాని, రాతిలో గాని ఇది సాధ్యం కాదు. ఒక ప్రదర్శనలో నేను వారి శిల్పం ముందు చాలాసేపు నిలబడ్డాను. వెనుకవైపు గుంటగా మలిచిన ముఖం, ముందు నుంచి చూస్తే గాజు లోపల నిండుగా ఉన్న తలలా కనిపించింది. రెండడుగులు పక్కకు వేస్తే దాని వెలుగునీడలు మారిపోయాయి. లేని పదార్థంతో రూపాన్ని నిర్మించిన ఆ ఆలోచనను కేవలం పనితనం అనడానికి నాకు మనసొప్పలేదు.

కొలిమి పని ఇతరులు చేశారు గనుక అది కళాకారుడిది కాదనే అభ్యంతరం కూడా ఈ వాదనకు తోడుగా వినిపిస్తుంది. కంచు విగ్రహాన్ని పోత పోసేది వేరేవారైనా శిల్పి పేరును మనం ప్రశ్నించడం లేదు కదా! పైగా, గాజు దిమ్మను తానే కోసి, సానపట్టి తన నిశ్చలమైన పాత్రలకు రూపమిచ్చిన చెక్ కళాకారుడు ఫ్రాంటిషెక్ వీజ్నెర్ వంటివారికి ఈ అభ్యంతరం అసలే వర్తించదు.

చెప్పే విషయం లేదన్న మూడో మాట అన్నిటికన్నా బాధాకరం. కమ్యూనిస్టు పాలనలో నైరూప్య చిత్రకళపై ఆంక్షలున్న రోజుల్లో, గాజును అలంకార వస్తువుగా లెక్కగట్టిన అధికారులు దాని మీద అంత నిఘా పెట్టలేదు. చిత్రకళలో దొరకని స్వేచ్ఛను చాలామంది గాజులో వెతుక్కున్నారు. కానీ ఆ స్వేచ్ఛకూ హద్దులుండేవి. 1968 ఆగస్టులో సోవియట్ సేనలు చెకోస్లొవేకియాలోకి చొరబడిన తర్వాత, 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శన కోసం లిబెన్స్కీ, బ్రిఖ్తోవా ‘జీవన నది’ అనే భారీ గాజు శిల్పాన్ని రూపొందించారు. అందులో గడ్డకట్టిన నీటిని తలపించే గాజుపై సైనికుల బూట్ల ముద్రలు వేశారు. అధికారులకు ఆ ముద్రల అర్థం తెలిసింది, వాటిని చెరిపించారు.