రాయగడ ఎండకీ జెనీవా సీసానికీ చుట్టరికం లేదు

మొన్న పర్లాకిమిడి నుంచి మా పెదనాన్న చుట్టాల గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. అప్పటికే ఎన్ని చేతులు మారిందో, పైన రెండు బాణాల గుర్తు పడిపోయింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా కేంద్రం వాళ్ళు 27 కిలోమీటర్ల సొరంగంలో సీసం కేంద్రకాల్ని (పరమాణువు నడిమధ్య ఉండే గింజల్ని) గుద్దిస్తున్నారు. సూర్యుడికి లక్ష రెట్ల వేడి పుట్టి, భూమిలోకి దిగి, మన రాయగడ, కోరాపుట్ వైపు ఎండలు మండిస్తోంది. ఒక కేంద్రకం పగిలితే పక్కదీ పగిలి చివరికి భూమే బాంబవుతుంది. పైగా సీసాన్ని బంగారం చేసి దాచుకుంటున్నారు. కింద మా పిన్ని "ఇది నిజమేనేటిరా?" అని నన్ను ట్యాగ్ చేసింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, తప్పించుకోలేను.

సూర్యుడికి లక్ష రెట్లన్నది నిజమే. ఆ మాటకొస్తే మెసేజ్‌లో మాట్లాడినాయన తక్కువే చెప్పాడు. సూర్యుడి నడిబొడ్డున ఒకటిన్నర కోటి డిగ్రీలుంటే, ఈ గుద్దుకోవడాల్లో పుట్టేది సుమారు 5.5 లక్షల కోట్ల డిగ్రీలని, ఆ సొరంగంలోనే వీటిని గమనించే ఎలిస్ ప్రయోగం వాళ్ళు 2012లో అంచనా కట్టారు. అక్కడ ప్రోటాన్లు, న్యూట్రాన్లు కూడా కరిగి, వాటి లోపలుండే క్వార్కులనే రేణువుల ముద్దయిపోతాయి.

చిక్కంతా ఆ తరవాతి మాటతోనే. మా వీధి చివర గేట్లు చేసే వెల్డింగ్ షాపుంది. రవ్వలు కుర్రాడి ముంజేతి మీద పడుతూనే ఉంటాయి, దులుపుకుని పని చేసుకుంటాడు. అదే కుర్రాడి తొడ మీద టీ గ్లాసు ఒలికితే గెంతులేస్తాడు. రవ్వ వెయ్యి డిగ్రీలు పైమాటే, టీ వంద కూడా ఉండదు. ఎంత కాలిందన్నది ఒకటి, అందులో మొత్తం ఎంత వేడుందన్నది మరొకటి. కేంద్రకం రవ్వలో రవ్వ కూడా కాదు.

లెక్క చూద్దాం. రెండు సీసం కేంద్రకాలు ఎదురెదురుగా గుద్దుకుంటే మొత్తం శక్తి దాదాపు 1,115 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు (కేంద్రకాల శక్తిని కొలిచే కొలత). వినడానికి భయంగానే ఉంటుంది. జౌళ్ళలోకి మారిస్తే 0.00018. ఎలిస్‌లో సెకనుకు 50 వేల దాకా గుద్దుకుంటాయి. అన్నీ నిండుగా తగిలాయనుకున్నా సెకనుకు 9 జౌళ్ళు. అంటే మన వంటింట్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. (కరెంటు బిల్లు మాత్రం అక్కడ బ్రహ్మాండమే. కేంద్రకాల్ని దారిలో తిప్పే అయస్కాంతాల్ని మైనస్ 271 డిగ్రీల దగ్గర ఉంచాలి మరి!) ఇంకొకటి, సీసంతో నడిపేది ఏడాదిలో కొద్ది వారాలే, అదీ మామూలుగా చివరి నెలల్లో. మనం దుప్పట్లు దులిపే రోజులవి. ఏప్రిల్ ఎండకి నవంబరు సీసాన్ని తిట్టడం న్యాయం కాదు.

ఇక బాంబు సంగతి. యురేనియం-235ని ఒక న్యూట్రాన్ తాకితే అది చీలి శక్తినిస్తుంది, రెండు మూడు న్యూట్రాన్లను వదులుతుంది, అవి పక్కవాటిని చీలుస్తాయి. సీసం దగ్గర ఆ గొలుసు సాగదు. సీసం-208ని విడి ప్రోటాన్లు, న్యూట్రాన్లుగా విడదియ్యాలంటే 1,636 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు మనమే పెట్టాలి. ఇక్కడ పగలడమంటే ఖర్చు, రాబడి కాదు.

ఆ పగలడం చిత్రంగా ఉంటుంది, నాకు ఇష్టమైన భాగం ఇదే. జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర బంగారాన్ని బంగారంతో గుద్దించి, పక్కనుంచి ఒరుసుకుపోయిన ముక్కలు ఎంత వేడెక్కాయో చూసి 1995లో ఒక గ్రాఫ్ గీశారు. శక్తి పెంచుతూ పోతే మొదట వేడి పెరిగింది. 5,800 కోట్ల డిగ్రీల దరిదాపుల్లో ఆగిపోయింది. ఇంకా శక్తి పోస్తున్నా చాలాసేపు కదల్లేదు, తరవాత మళ్ళీ పెరిగింది. పొయ్యి మీద ఎసరు గుర్తు తెచ్చుకోండి. మరిగేటప్పుడు ఎంత మంట పెట్టినా నీళ్ళు వంద డిగ్రీలు దాటవు, మంటంతా ఆవిరి చెయ్యడానికే పోతుంది. కేంద్రకమూ అలాగే మరుగుతుంది. హీలియం, లిథియం, కార్బన్ లాంటి చిన్నా పెద్దా తునకలుగా, తుంపరల్లా విడిపోతుంది. పక్కవాళ్ళని పేల్చే ఓపిక దానికెక్కడిది?

బంగారం. అవును, చేశారు. అదీ గుద్దుకున్నప్పుడు కాదు, దగ్గరగా తప్పిపోయినప్పుడు. ఒకదాని విద్యుత్ క్షేత్రం తగిలి రెండోది మూడు ప్రోటాన్లు కోల్పోతే 82 పోయి 79 మిగులుతుంది, అదే బంగారం. 2015 నుంచి 2018 దాకా అలా పుట్టినవి 8,600 కోట్ల కేంద్రకాలని 2025లో ఎలిస్ వాళ్ళే ప్రకటించారు. తూకం: గ్రాములో సుమారు 3,400 కోట్లవ వంతు. అదీ పుట్టిన మరుక్షణమే కేంద్రకాలు తిరిగే గొట్టం గోడకి కొట్టుకుని పగిలిపోయింది. గురివింద గింజతో తూచే కంసాలి కూడా నవ్వుతాడు.

దాచారన్న ముక్క ఒక్కటే మిగిలింది. ఎలిస్‌లో ఫోటాన్లను, అంటే కాంతి రేణువుల్ని, లెక్కపెట్టిన పరికరం కట్టినవాళ్ళలో భువనేశ్వర్ ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళున్నారు. పెదనాన్నా, రాత్రి రాయగడలో హీరాఖండ్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడ దిగుతాం, దాచారో లేదో వాళ్ళనే అడుగుదాం. వస్తానంటే టికెట్లు నేనే తీస్తాను.