గాదెలో హనీమూన్

పాత ఇంటికి పరువు రావాలంటే మొదట అందులోంచి మనుషులు పోవాలి. ఈ సూత్రాన్ని కేరళవారు మనకంటే ముందే గ్రహించారు. పల్లెల్లో పాడుబడుతున్న కొయ్య తరవాడులను, అంటే ఉమ్మడి కుటుంబాల పాత ఇళ్ళను కొని, దూలానికీ వాసానికీ అంకెలు వేసి ఊడదీసి, లారీకెత్తి, వెంబనాడు సరస్సు ఒడ్డున కుమరకంలో మళ్ళీ నిలబెట్టి హోటళ్ళు చేయడం 1990లలోనే మొదలైంది. మేకులు కొట్టకుండా కొయ్య చీలలతో బిగించిన ఇళ్ళు కాబట్టి ఊడదీయడం కుదిరింది. ఆ కాలపు ఆశారులు, అంటే అక్కడి వడ్రంగులు, కట్టేటప్పుడే విప్పే దారి కూడా ఉంచారు. మనవల సంగతి వాళ్ళకు ముందే తెలుసన్నమాట.

అటువంటి ఒక బొటిక్ హోటల్లో బస చేసే భాగ్యం ఈమధ్య నాకూ కలిగింది. నాకిచ్చిన గది పూర్వాశ్రమంలో ధాన్యపు గాదె. పనస చెక్క గోడలు, అడ్డగడియతో అరచేతి మందం తలుపు, ఎలుక కూడా దూరని కట్టుదిట్టం. కొత్త దంపతులు ఎక్కువగా ఇదే అడుగుతారట. దూలం చివర తెల్లరంగుతో వేసిన అంకెను ఎవరూ చెరపలేదు. పక్క మీద వెల్లకిలా పడుకుంటే సరిగ్గా కళ్ళెదుటే ఉంటుంది.

ఈ గాదె పడకగదిగా ఎదగడం వెనుక ప్రభుత్వ కృషి చాలా ఉంది. 1970 జనవరి 1న భూసంస్కరణల సవరణ అమల్లోకి రావడంతో కౌలుదారులు భూమికి హక్కుదారులయ్యారు, గాదెకు వడ్లు రావడం ఆగింది. 1975 నాటి కేరళ చట్టం హిందూ ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసింది. పంపకాలకు కూర్చున్నవారికి ఇంటికన్నా కలపే సులువుగా లెక్కకు వచ్చింది. మిగిలిన పని గల్ఫ్ డబ్బూ సిమెంటూ పూర్తిచేశాయి. ఖాళీ గాదె ఇంటికి అరిష్టమని మన పెద్దలు భయపడేవారు. దాన్ని రాత్రికి ఇంతని అద్దెకివ్వవచ్చని పాపం వాళ్ళకు తోచలేదు.

ఇక సౌకర్యాలు. గుమ్మం పొట్టిది, గడప ఎత్తు. మా ఊళ్ళో గుమ్మానికి తల కొట్టుకుంటే ‘కళ్ళు నెత్తికెక్కాయా’ అని తిట్టేవారు. ఇక్కడ ఒక కుర్రవాడు ఐసుముక్కలు చుట్టిన తుండుగుడ్డతో పరుగున వచ్చి, అతిథికి వినయం నేర్పడానికే పూర్వీకులు ఇలా కట్టారని వివరిస్తాడు. దెబ్బ అదే, తిట్టు మాత్రం లేదు. అంత తేడాకు ఆ మాత్రం డబ్బు న్యాయమే.

స్నానాల గదికి పైకప్పు లేదు. మూలన ఒక అరటిచెట్టు, తలపైన ఆకాశం. మా పెరట్లో తాటాకు దడి వెనుక ఇదే ఆకాశం కింద మూడు తరాలు స్నానం చేశాయి. ఆ దడిని చూస్తే పెళ్ళివారు ఏమనుకుంటారోనని మా నాన్నగారు అప్పు చేసి మరీ స్లాబు పోయించారు. ఆ స్లాబు లేకపోతే మా పెరడు ఈపాటికి ప్రీమియం గది అయ్యేది.

చెక్క గోడల్లో, కప్పు త్రికోణంలో ఆశారులు గాలి ఆడడానికి సన్నని సందులు విడిచారు. ఏసీ చల్లదనం పోకూడదని యాజమాన్యం వాటన్నిటినీ లోపలి నుంచి గాజు పలకలతో మూయించింది. పూర్వీకుల విజ్ఞానం గురించి బల్లమీద పెట్టిన పుస్తకంలో మాత్రం ఆ సందులకు ఒక పేజీ మొత్తం కేటాయించారు. అది చదువుకుంటూ దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

పడిప్పుర అనే ముఖద్వారాన్నీ యథాతథంగా తెచ్చి నిలిపారు. ఒకప్పుడు దాని ఇవతలే ఎవరు ఆగిపోవాలో కులం తేల్చేది. 1936లో తిరువాన్కూరు మహారాజు గుళ్ళ తలుపులు హిందువులందరికీ తెరిచారు గానీ, ఇళ్ళ గుమ్మాలు ఆ ప్రకటనలో లేవు. ఆ లోటును హోటళ్ళు తీర్చాయి. ఇప్పుడు క్రెడిట్ కార్డు ఉన్న ఎవరినైనా లోపలికి రానిస్తారు, ఆ తేడా ఒప్పుకోవలసిందే. అంట్లు తోమే ఆవిడ మాత్రం వెనక దారినే వస్తోంది. పునరుద్ధరణలో అంత నిజాయితీ నేను ఎక్కడా చూడలేదు.

మనవాళ్ళు వెనకబడ్డారని బాధగా ఉంది. కోనసీమ మండువా లోగిళ్ళు ఏమంత తక్కువ తిన్నాయి? అదే నడిమి వాకిలి, నాలుగు చూరుల నుంచి అదే వాన. కాని మనం టేకు స్తంభాలను కలప అడితికి అమ్ముకుని ఆ డబ్బుతో గ్రానైటు పరిపించాం. వారసత్వ హోటలుగా కేంద్ర పర్యాటక శాఖ గుర్తించాలంటే కట్టడం 1950కి ముందుదై ఉండాలి. కనుక అంతకు ముందరి లోగిలి ఎవరికైనా మిగిలి ఉంటే తక్షణం ఖాళీ చేయండి. అందులో కాపురం ఉన్నంతకాలం అది పాత కొంపే.

బయలుదేరేటప్పుడు, ఈ ఇంటివారి వారసులు ఎప్పుడైనా వస్తారా అని కౌంటరులో అడిగాను. ఒక మనవడు దుబాయి నుంచి ఏటా వచ్చి తాతగారి గాదెలోనే దిగుతాడట. ఆయనకు పది శాతం తగ్గిస్తారట, క్రిస్మస్ సెలవుల్లో తప్ప.