ఈస్ట్ గారికి బదిలీ ఉత్తర్వులు

బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్ట్ అనే సూక్ష్మజీవికి జరిగిన అన్యాయం మీద ఒక్క ఉద్యోగ సంఘమూ నోరు విప్పకపోవడం నాకు చాలా బాధగా ఉంది. వేల ఏళ్లుగా దాని డ్యూటీ ఒక్కటే, పిండిలో చక్కెర తిని గ్యాస్ వదలడం. ఆ గ్యాస్ బయటికి పోకుండా పట్టి ఉంచేది గోధుమలోని గ్లూటెన్ అనే సాగుడు ప్రోటీన్, బ్రెడ్డు పొంగేది అందుకే. ఇప్పుడు గ్లూటెన్ వద్దన్నారు. పట్టేవాడు లేక గ్యాస్ గాల్లో కలిసింది, బ్రెడ్డు చదునుగా పడుకుంది, ఈస్ట్‌కి సీటు మిగిలింది గానీ పని లేదు.

అలాంటి ఉద్యోగిని ఏం చేస్తారు? డెప్యుటేషన్ మీద వేరే శాఖకి పంపిస్తారు. బూజు నుంచో బ్యాక్టీరియా నుంచో ఒక జన్యువు తెచ్చి లోపల పెట్టి, ఇకనుంచి ఎంజైములు, అంటే వేరే పదార్థాలను కోసే, అతికించే ప్రోటీన్లు తయారుచెయ్యి అన్నారు. వాటిలో కొన్ని బియ్యప్పిండిలోని ప్రోటీన్లను ఒకదానికొకటి ముడేసి, గ్లూటెన్ లేని లోటు కనపడకుండా చూస్తాయి. కొన్ని గ్లూటెన్‌నే ముక్కలు చేస్తాయి. ఈ రెండోది మామూలు పని కాదండీ, ఎందుకంటే గ్లూటెన్ నిండా ప్రోలీన్ అనే, కోతకి లొంగని అమైనో ఆమ్లం (ప్రోటీన్ దండలో ఒక పూస) ఉంటుంది, మన కడుపులోని ఎంజైములు దాన్ని పూర్తిగా కోయలేక 33 అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కని అలాగే వదిలేస్తాయి, సీలియాక్ జబ్బున్నవాళ్ల, అంటే గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినేవాళ్ల మీద పడేది ముఖ్యంగా అదే.

ఇలా డెప్యుటేషన్‌కి వచ్చినవారిలో పికియా పాస్టోరిస్ అనే ఇంకోరకం ఈస్ట్ గారు మనకి కొత్త కాదు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బి టీకా తయారైంది ఆయన దగ్గరే. ఒక్కటే అలవాటు, ఎక్కువగా వాడే పద్ధతిలో మిథనాల్ అనే ఆల్కహాల్ పోస్తేగానీ పని మొదలుపెట్టరు. వేరే ఆఫీసులో అయితే సస్పెండ్ చేసేవాళ్లు, ఇక్కడ ట్యాంకుకి పైపు పెట్టి మరీ పోస్తున్నారు.

2010లో జన్యువు మార్చిన బీటీ వంకాయని కేంద్రం ఆపినప్పుడు చప్పట్లు కొట్టిన పెద్దమనుషులు కూడా ఈ బ్రెడ్డు మాత్రం కళ్లకద్దుకుని తింటారు. పని అయిపోయిన ఎంజైము పేరు చాలాసార్లు ప్యాకెట్ మీద ఉండదు కాబట్టి వాళ్ల సిద్ధాంతానికి వచ్చిన నష్టమేమీ లేదు. సీలియాక్ జబ్బేమో గోధుమ తినే ఉత్తర భారతంలో ఎక్కువ, మన దక్షిణాదిలో చాలా తక్కువ. అయినా ఇంట్లో జొన్నరొట్టె వద్దని, గ్లూటెన్ లేదని బోర్డు పెట్టినచోట నాలుగింతలు ఇచ్చి తినడంలో ఉన్న హోదా వేరు.

నిజంగా జబ్బున్నవాళ్ల టెన్షన్ ఇంకోలా ఉంటుంది. కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటితే ఆ తిండి వాళ్లది కాదు, ఎంజైము బిళ్ల వేసుకుని పూరీలు లాగించే వీలూ లేదు, ఇప్పటికీ వైద్యం గోధుమ మానడమే. అలాంటివాళ్లు పెళ్లిలో పులిహోర వడ్డించే కుర్రాణ్ణి "బాబూ, ఇందులో గోధుమ ఏమన్నా ఉందా?" అని అడిగితే, "అన్నంలో గోధుమేంటండీ!" అని నవ్వి ఇంకో గరిటె వేసి వెళ్తాడు. బజార్లో దొరికే ఇంగువ పొడి చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారని అతనికి ఎవరు చెప్పారు గనక? కాబట్టి ప్రభుత్వం వారికి నా మనవి ఏమంటే, ఈస్ట్ గారి తర్వాతి పోస్టింగు ఇంగువ డబ్బాలో వెయ్యాలి. మిథనాల్ ఖర్చు పెళ్లివారు చూసుకుంటారు.