కొండకూ చూడాలి ఈడూ జోడూ

సంబంధం రాగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎత్తెంత?" అని. రెండోది "ఫొటో ఉందా?" అని. హిమాలయాల్లో ట్రెక్ ఎంచుకోవడానికి కూడా ఈ రెండు ప్రశ్నలు చాలునని నా దృఢ విశ్వాసం. మధ్యలో ఆక్సిజన్ గురించీ అలవాటుపడటం గురించీ మాట్లాడేవాళ్ళు సంబంధాలు చెడగొట్టే రకం.

ముందు మన అర్హత చూద్దాం. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తున ఉంది. అంటే పుట్టుకతోనే మనం పర్వతవాసులం. అందుకే మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు తొలిచూపులోనే ఎవరెస్ట్ బేస్ క్యాంప్ మీద మనసు పారేసుకుంది. 17,598 అడుగులు! ఒడ్డూ పొడుగూ దివ్యంగా ఉన్నాయి. తీరా ఆరా తీస్తే, బేస్ క్యాంప్‌లో నిలబడితే ఎవరెస్ట్ శిఖరం కనిపించదట. చుట్టుపక్కల కొండలు అడ్డమట. శిఖరాన్ని చూడాలంటే కాలాపత్థర్ అనే ఇంకో గుట్ట ఎక్కాలట. వారం పైగా నడిచి పెళ్ళివారింటికి వెళ్తే, అమ్మాయి పక్కవీధి మేడ మీద ఉంది, అక్కడికెళ్ళి చూసుకోండి అన్నట్టుంది. ఆ సంబంధం తప్పిపోయింది.

తర్వాత రూప్‌కుండ్ వచ్చింది. మనుషుల అస్థిపంజరాలున్న సరస్సు. ఫొటోకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్స్‌లో, అంటే కొండ మీది పచ్చిక బయళ్ళలో, రాత్రి మకాం వద్దంది. గడ్డి కోలుకోవాలట. కోలుకోనివ్వండి, కాదనం. మన డీపీ సంగతేమిటి?

ఇక ట్రెక్ ఎంత కష్టమో చెప్పడానికి నిర్వాహకులు వాడే 'ఈజీ టు మోడరేట్' అనే మాట ఒకటుంది. పెళ్ళి ప్రకటనల్లో 'చామనఛాయ' ఎంత నిజమో ఇదీ అంతే. మంచులో తెల్లవారుజామున రెండింటికి లేచి, హెడ్‌ల్యాంపు వెలుగులో ముందువాడి మడమలు మాత్రమే చూస్తూ నిట్టనిలువునా ఎక్కడం ఈజీలోకి వస్తుంది. టెంట్ జిప్పు చలికి బిగుసుకుపోయి రాకపోతే మోడరేట్.

అసలు పేచీ రోజుల దగ్గర వచ్చింది. పదివేల అడుగులు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 1,600 అడుగులకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగి శరీరానికి అలవాటు చెయ్యాలని డాక్టర్లంటారు. అందుకే ఎవరెస్ట్ దారిలో నామ్చే బజార్‌లో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఆపుతారు. మా గ్రూపులో ప్లానింగ్ చూసే ఆయన ఎక్సెల్ షీట్‌లో ఆ గడులకు ఎర్రరంగు పూసి 'వేస్ట్ డే' అని రాశాడు. ఆయన లెక్క కరెక్టే. సోమవారం పదింటికి ఆఫీసు స్టాండప్ కాల్ ఉంది. పట్టించుకోకపోతే తలనొప్పి, వాంతులు, తూలడం, ఇంకా ముదిరితే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుందనీ, లక్షణాలు ముదిరితే వెంటనే కిందికి దిగాలనీ ఒకడు గూగుల్ చేసి పెట్టాడు. "దిగితే రీఫండ్ ఇస్తారా?" అని వెంటనే మూడు మెసేజీలు వచ్చాయి.

మన మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. అయితే ఆ పిల్ల భువనగిరి గుట్ట దగ్గర మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ తీసుకుంది. మేమూ తక్కువేం తినలేదు. కేబీఆర్ పార్కులో రెండు ఆదివారాలు నడిచి, ఆ పక్కనే ఇడ్లీలు తిన్నాం.

చివరికి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఖాయమైంది. 12,500 అడుగులు. డెహ్రాడూన్ నుంచి సాంక్రి అనే ఊరి దాకా రోజంతా బండిలో, అక్కడినుంచి నడక. డిసెంబర్‌లో మంచు గ్యారంటీ, జాతరంత జనం కూడా గ్యారంటీ. పద్నాలుగు మంది కాస్తా ఐదుగురయ్యాం. కొత్త బూట్లు మెత్తబడాలని వేసుకుని రైతుబజారుకు వెళ్ళాను. దొండకాయల దగ్గరికి చేరేసరికే మడమ బొబ్బెక్కింది.

ఊళ్ళో పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "అక్కడ గుడుందట్రా?" అంది. లేదన్నాను, పైన త్రిశూలం పాతి ఉంటుందన్నాను. "మొన్న మేం వెళ్ళిన కేదార్‌నాథ్ కన్నా ఎత్తా?" అనడిగింది. చూస్తే అది 11,755 అడుగులు. తేడా 745. గౌరీకుండ్ నుంచి ఆ పదహారు కిలోమీటర్లూ నేతచీర మీద స్వెటర్, నెత్తిన మంకీ క్యాపుతో నడిచిందట. ఆయాసం వచ్చినచోటల్లా కూర్చుందట. దారిలో ఒక రాత్రి పడుకుని మర్నాడు మెల్లగా ఎక్కిందట.

ఇదంతా గ్రూపులో పెట్టాను. ఎక్సెల్ ఆయన వెంటనే జవాబిచ్చాడు.

"ఫొటో ఉందా?"