ఒక్క మెతుకుతో తేలే లెక్క కాదు

వేరే గ్రహం మీద జీవం దొరికిందన్న వార్త ఏడాదికోసారైనా మన ఫోన్లలో తిరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో అయితే మరీను. కె2-18బి అనే గ్రహం, 124 కాంతి సంవత్సరాల దూరం, దాని గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాళ్లు కనిపించాయని కేంబ్రిడ్జ్‌లో పనిచేసే ఖగోళ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం చెప్పింది. మన దగ్గర ఆ వాయువు ముఖ్యంగా సముద్రంలోని సూక్ష్మజీవుల వల్ల వస్తుంది కాబట్టి ఆసక్తి కలగడం సహజమే. కానీ నెల్లూరు టీకొట్ల దాకా వచ్చేసరికి అది "99.7 శాతం జీవం ఖాయం" అయిపోయింది. ఆ అంకె సిగ్నల్ కాకతాళీయమా కాదా అన్నదాని గురించి, జీవం గురించి కాదు. పైగా అదే డేటాను మళ్లీ లెక్కేసిన వేరే బృందాలు అసలు సిగ్నలే అంత గట్టిగా లేదన్నాయి.

మా మాట సూటిగా చెప్తాం. విశ్వంలో జీవం పుట్టే అవకాశం ఇంత శాతం అని ఎవరు అంకె చెప్పినా నమ్మకండి, చెప్పింది నోబెల్ వచ్చినాయనైనా సరే. మనతో మాట్లాడగల జీవులు పాలపుంతలో ఎన్నిచోట్ల ఉండొచ్చో అంచనా వేయడానికి 1961లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ రాసిన సమీకరణం నక్షత్రాలెన్ని, వాటికి గ్రహాలెన్ని, వాటిలో జీవానికి పనికొచ్చేవెన్ని అంటూ గుణించుకుంటూ పోతుంది. మొదటి గళ్లు నిండుతున్నాయి: సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని తేలిందే 1995లో, ఇప్పటికి ఖాయమైనవి 6,000 దాటాయి. పనికొచ్చే గ్రహం మీద జీవం నిజంగా మొదలవుతుందా అనే గడి మాత్రం ఆనాడెంత ఖాళీయో ఈనాడూ అంతే. అందులో 1, అంటే ప్రతిచోటా మొదలవుతుందని వేస్తే మన పాలపుంత నిండా జీవమే, కోటి కోట్లలో ఒకటి వేస్తే మనం ఒంటరి. ఏది వేసినా కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

ముడిసరుకుకు కొదవ లేదు, అది ఒప్పుకోవాలి. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపి మెరుపుల్లాంటి విద్యుత్తు పంపితే ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు తయారవుతాయని 1953లోనే స్టాన్లీ మిల్లర్ చూపించాడు. బెన్నూ అనే గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, మన ప్రోటీన్లు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 దొరికాయి. ఎప్పుడో ఉప్పునీరు ఇంకిపోయి మిగిలిన లవణాలూ దొరికాయి. ఉప్పునీరు ఎండితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు కయ్యల్లో నీళ్లు బాగా చిక్కబడి, ఇంక ఇందులో ఏదీ బతకదు అనుకున్న చోట ఎర్రడాలు తిరిగితే, ఆ రంగు ఉప్పులోనే హాయిగా బతికే సూక్ష్మజీవులది. అయితే ఉప్పులో బతకడం వేరు, ఉప్పునీళ్లలో మొట్టమొదట పుట్టడం వేరు. ముడిసరుకు నుంచి తనను తాను కాపీ చేసుకునే కణం దాకా ఏ ల్యాబూ ఇంతవరకు వెళ్లలేదు.

భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు, దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలోనే సూక్ష్మజీవుల జాడలున్నాయి, అంత త్వరగా మొదలైందంటే తేలికైన పనే అయ్యుండాలి అని కొందరి వాదన. బాగానే ఉంది గానీ, ఆలస్యంగా మొదలై ఉంటే ఈ ప్రశ్న అడగడానికి మనమే ఉండేవాళ్లం కాదు కదా! కేంద్రకం ఉన్న కణాలు రావడానికి ఆ తర్వాత సుమారు 150 కోట్ల ఏళ్లు పట్టింది, జంతువులు వచ్చింది సుమారు 60 కోట్ల ఏళ్ల కిందట. సూర్యుడు మెల్లగా వేడెక్కుతున్నాడు, ఇంకో 100 కోట్ల ఏళ్లకు భూమి మీద సముద్రాలు మిగలకపోవచ్చని అంచనా. అంటే గడువులో అయిదింట నాలుగు వంతులు అయిపోయాక మనిషి వచ్చాడు. అందుకే సూక్ష్మజీవులు చాలాచోట్ల ఉండొచ్చు, మాట్లాడే జీవులు మాత్రం బహు అరుదు అని మేం అనుకుంటున్నాం. ఇది అభిప్రాయమే, లెక్క కాదు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు, అన్నీ ఒకే కుండలోవి కాబట్టి. మన చేతిలో ఉన్న మెతుకు భూమి ఒక్కటే, మిగతావి అదే కుండలో ఉడికాయో లేదో తెలీదు. రెండో మెతుకు కావాలి. అంగారకుడి మీద దొరికినా పేచీ తప్పదు, అక్కడి రాళ్లు ఉల్కలుగా ఇక్కడికొచ్చి పడ్డాయి కాబట్టి రెండుచోట్లా ఒకే వంశం కావచ్చు. అందుకే గురుగ్రహపు చందమామ యూరోపా మీద, ఆ మంచు కింద ఉందంటున్న సముద్రం మీద అందరి కళ్లూ. 2024 అక్టోబర్‌లో బయల్దేరిన నాసా వ్యోమనౌక యూరోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహాన్ని చేరాలి. అదైనా జీవాన్ని పట్టుకోవడానికి కాదు, అక్కడ జీవం బతకగలదా అని చూడ్డానికే వెళ్తోంది.