48 మెగాపిక్సెళ్ళ అట్టపెట్టె

పోయిన నెలలో మా మేనకోడలు ఒక అట్టపెట్టె పట్టుకుని గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చింది. పెట్టె మీద 48 మెగాపిక్సెళ్ళు, ఫోర్‌కే వీడియో, 16 ఎక్స్ జూమ్ అని మూడు రంగుల్లో అచ్చువేసి ఉంది కానీ, తయారుచేసినవారి పేరు ఎంత వెతికినా కనిపించలేదు. నాలుగున్నర వేలు పోసి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, తెనాలిలో స్నేహితురాలి గృహప్రవేశానికి తీసుకెళ్తే, తీసిన ఫోటోల్లో ఒక్కదానిలోనూ ముఖాలు తేటగా రాలేదట. "మావయ్యా, ఫోటోలు తీయడం నాకు రాదా, దీనికి రాదా?" అని అడిగింది. దానికే రాదమ్మా అన్నాను. ఇదే ప్రశ్న ఈ ఏడాదిలో నన్ను అడిగినవారిలో ఆమె నాలుగో మనిషి కనుక, చెప్పవలసింది ఇక్కడ ఒకసారి రాసిపెడుతున్నాను.

ఇటువంటి కెమెరాలో లెన్సు ముందుకూ వెనక్కూ కదలదు. జూమ్ మీట నొక్కినప్పుడు అది చేసేదల్లా బొమ్మ నడిమి భాగాన్ని కోసి, ఆ ముక్కనే సాగదీసి తెర నిండా చూపించడం. లోపలి సెన్సారు, అంటే వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిన్న పలక, నిజంగా పట్టేది కొద్దిపాటి మెగాపిక్సెళ్ళను (ఒక్కోటీ పది లక్షల చుక్కలు) మాత్రమే. మిగిలినవాటిని పక్క చుక్కల రంగులను బట్టి ఊహించి నింపుతుంది. లీటరు పాలలో మూడు లీటర్ల నీళ్ళు కలిపి నాలుగు లీటర్ల పాలని అమ్మడానికీ దీనికీ నాకు తేడా కనిపించదు. అసలు అన్ని చుక్కలు మనకెందుకు? నాలుగంగుళాలు, ఆరంగుళాల ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలంటే 1200 చుక్కల వెడల్పు, 1800 చుక్కల పొడవు చాలు. అంటే రెండుంపావు మెగాపిక్సెళ్ళు కూడా అక్కరలేదు. ఆల్బమ్‌లో పెట్టుకునే ఫోటోకు ఇరవై ఏళ్ళ కిందటి కెమెరా కూడా సరిపోయేది.

మంచి కంపెనీలు చవక కెమెరాలు చేయడం ఎందుకు మానేశాయని కొందరు అడుగుతారు. 2010లో జపాను కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం లెన్సు విడదీయరాని చిన్న కెమెరాలు 10 కోట్లకు పైగా మార్కెట్‌కు వెళ్ళాయి; 2023 నాటికి ఆ సంఖ్య 20 లక్షల లోపుకు పడిపోయింది. ఫోను వాటిని మింగేసింది. అలా ఖాళీ అయిన చోటులోకే పేరులేని పెట్టెలు వచ్చి కూర్చున్నాయి. కాబట్టి తక్కువ ధరలో కొత్త కెమెరాయే కావాలని పట్టుబట్టేవారు ఈ పెట్టెల పాలబడక తప్పదని నా అభిప్రాయం. పది వేల లోపు బడ్జెట్ ఉన్నవారు పేరున్న కంపెనీ చేసిన పాత కెమెరాను, చేతిలోకి తీసుకుని పరీక్షించి మరీ కొనుక్కోవాలి.

కొనేటప్పుడు మొదట అడగవలసింది మెగాపిక్సెళ్ళ గురించి కాదు, సెన్సారు పరిమాణం గురించి. సాధారణ చిన్న కెమెరాలో సెన్సారు సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. ఒక అంగుళం రకమని పిలిచే సెన్సారు 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తుతో దానికి నాలుగింతల వైశాల్యం కలిగి ఉంటుంది. (ఎటు కొలిచినా అందులో అంగుళం రాదు. పాత వీడియో కెమెరాల గాజు గొట్టాల కొలతను పట్టుకుని ఈనాటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఈ పరిశ్రమకు అంకెలతో ఉన్న నిజాయితీ మొదటి నుంచీ అంతంతమాత్రమే.) రెండవది లెన్సు ఎంత వెలుతురును లోపలికి రానిస్తుందన్నది. దాన్ని ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. సోనీ డబ్ల్యూ800 వంటి చవక కెమెరాలో జూమ్ మొదట్లో ఎఫ్ 3.2గా ఉండేది చివరకు వెళ్ళేసరికి ఎఫ్ 6.4 అవుతుంది, అంటే లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. సాయంత్రం పూట హాల్లో కూర్చున్నవారిని జూమ్ చేసి తీస్తే ముఖాలు అలుక్కుపోవడానికి కారణం ఇదే. రెండడుగులు ముందుకు నడవగలిగినవారికి ఇంటి ఫోటోల్లో జూమ్‌తో పనిలేదు.

ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభస్వామి శయనించి ఉన్న గదిలో ఈ తేడా నాకు కళ్ళకు కట్టినట్టు తెలిసింది. బయట ఎండ, లోపల చీకటి. మామూలు చిన్న కెమెరా ఐఎస్‌వోను, అంటే వెలుతురును పెంచి చూపే అంకెను, 1600కు పెంచుకుని రాతినంతా రవ్వ ఆరబోసినట్టు చూపించింది. అదే చోట కానన్ ఎస్110తో ఐఎస్‌వో 100 దగ్గర కట్టేసి, కెమెరాను గట్టు మీద పెట్టి, రెండు సెకన్ల టైమరుతో తీస్తే ఉలి గీతలు కూడా లెక్కపెట్టుకునేలా వచ్చాయి. ఎస్110 వచ్చింది 2012లో. 12 మెగాపిక్సెళ్ళే, కానీ సెన్సారు కాస్త పెద్దది, లెన్సు ఎఫ్ 2.0. అదే ఏడాది వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100లో అంగుళం రకం సెన్సారు, ఎఫ్ 1.8 లెన్సు ఉండి, బరువు బ్యాటరీతో కలిపి 240 గ్రాములే. అది దొరికి, జేబు ఒప్పుకుంటే ఇంకేమీ ఆలోచించనక్కరలేదు. కానన్ ఇక్సస్ 185 వంటివి పగటి వెలుతురులో పిల్లలకు ఇవ్వడానికి బాగుంటాయి, అంతకు మించి ఆశించకూడదు. సీసీడీ అనే పాత రకం సెన్సారు రంగులు దైవదత్తమన్నట్టు ఈమధ్య కుర్రకారు వెర్రెత్తిపోయి పాత కెమెరాల ధరలు పెంచేశారు. ఆ రంగుల్లో సెన్సారు కన్నా ఆనాటి కంపెనీలు చేసిన రంగుల కూర్పు పాలే ఎక్కువని నా నమ్మకం.

ఫోను ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. రాత్రి కనకదుర్గమ్మ కొండ దీపాలనో, ప్రకాశం బ్యారేజీ మీది సూర్యాస్తమయాన్నో తీయాలంటే ఫోనే మేలు, ఎందుకంటే అది క్షణంలో నాలుగైదు ఫోటోలు తీసి కలిపి కుడుతుంది. కానీ మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఆ కుట్టుపనే నాకు రుచించదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ ముఖాన్ని ఫోను తెల్లగా, నున్నగా, ఎవరో అద్దె అమ్మలా మార్చేస్తుంది. పైగా ఫోనులోని ఎల్‌ఈడీ దీపానికీ, చిన్న కెమెరాలోని జెనాన్ ఫ్లాష్‌కూ పోలికే లేదు. జెనాన్ ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు పాటు మాత్రమే మెరుస్తుంది కనుక పరుగెడుతున్న పిల్లవాణ్ణి సైతం గాలిలో నిలబెట్టేస్తుంది. మిట్టమధ్యాహ్నం పెళ్ళి పందిట్లో నీడలో ఉన్న ముఖాలకు కూడా దాన్ని వెలిగించాలని చాలామందికి తోచదు.

మన ఊరికి మాత్రమే వర్తించే ముక్క ఒకటుంది. మిర్చి యార్డులో ఎండుమిరప కుప్పను చిన్న కెమెరాతో తీస్తే ఎరుపు పొంగిపోయి, కాయకూ కాయకూ తేడా లేని ముద్దలా వస్తుంది. ప్లస్, మైనస్ గుర్తు ఉన్న మీటతో ఎక్స్‌పోజరును, అంటే ఫోటోకు పట్టే వెలుతురును, మైనస్ ఒకటి దాకా తగ్గిస్తే ముడతలు, తొడిమలు తిరిగి కనిపిస్తాయి. అక్కడి ఘాటు దుమ్ములో లెన్సును ఊరికే తెరచి మూస్తూ ఉండకూడదు. లెన్సు గొట్టాల సందుల్లోకి వెళ్ళిన దుమ్ము సెన్సారు మీద చేరిందంటే విప్పించడం తప్ప మార్గం ఉండదు.

పాత కెమెరా కొనేటప్పుడు అమ్మేవాణ్ణి తొందరపెట్టనివ్వవద్దు. జూమ్‌ను పదిసార్లు ముందుకూ వెనక్కూ నడిపి కరకరమనే చప్పుడు వస్తుందేమో వినాలి. తెల్ల గోడను జూమ్ చివరి దాకా లాగి తీసి, మచ్చలున్నాయేమో చూడాలి. లెన్సులోకి టార్చి వేసి సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, కెమెరాను అక్కడే వదిలేసి రావాలి. కృష్ణా తీరపు తేమలో ఏళ్ళ తరబడి బీరువాలో పడి ఉన్నవాటికి ఇది మామూలే. ఎక్స్‌డీ అనే పాత రకం మెమొరీ కార్డుతో నడిచే పాత ఒలింపస్, ఫ్యూజీ కెమెరాల జోలికీ, మెమొరీ స్టిక్ అనే సొంత కార్డుతో నడిచే 2010కి ముందటి సోనీల జోలికీ వెళ్ళకపోవడం మంచిది, ఎస్‌డీ కార్డుకే కట్టుబడండి. బ్యాటరీ నంబరు రాసుకుని, అది ఇప్పటికీ దొరుకుతుందో లేదో కొనకముందే తెలుసుకోండి.

మేనకోడలికి చివరకు విజయవాడలో ఒక ఎస్110 దొరికింది. 48 నుంచి 12కు దిగిపోయానని రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు వాళ్ళ అమ్మమ్మ ఫోటో తీసి పంపింది. నుదుటి మీది కుంకుమ బొట్టు కింద ముడతలన్నీ ఉన్నాయి. పేరులేని కెమెరాను తిరిగి తీసుకోబోమని అమ్మినవారు తేల్చిచెప్పారు. దాని అట్టపెట్టె మాత్రం గట్టిది కావడంతో ఎస్110 ఛార్జరునూ, నాలుగు సిలికా జెల్ పొట్లాలనూ అందులోనే దాచుకుంటోంది.